కడిగి పంచిన పలక

నేను ఆ రాతి పలకను నీళ్ళలో పెట్టింది డిసెంబరు నెల మొదటి గురువారం, ఉదయం తొమ్మిది గంటల ఇరవై నిమిషాలకు. తార్నాకలో మా ఇంటి వెనక, బట్టలుతికే గట్టు పక్కన, నీలంరంగు ప్లాస్టిక్ టబ్బులో. నీళ్ళు గోరువెచ్చగా ఉన్నాయో లేదో మోచేత్తో చూశాను, పసిపిల్లకు స్నానం పోసేముందు చూసినట్టు. అర చెంచా సబ్బుపొడి కలిపాను. రాళ్ళు కడగడంలో నాది మంచి చెయ్యి అని క్యాంపస్‌లో పేరు.

మా భూగర్భశాస్త్ర విభాగం పాత విద్యార్థులు ఒక సంచిక తెస్తున్నారు. మ్యూజియం పనిలోకీ, రాళ్ళు సేకరించే వ్యాపకంలోకీ కొత్తగా వచ్చేవాళ్ళకు ఉపయోగపడేలా ఏమైనా రాయమని నన్ను అడిగారు. "మీరు ఇన్నేళ్ళుగా రాళ్ళు పంచారు కదా మేడమ్, దాని గురించి రాయండి" అన్నారు. నేను ఎప్పుడు చేరాను, ఎప్పుడు రీడర్‌నయ్యాను, ఏ కమిటీలో ఉన్నాను అనేవి ఆఫీసు ఫైళ్ళలో ఉన్నాయి, వాటితో ఎవరికీ పని లేదు. పంచడం గురించే రాస్తాను. కానీ వాళ్ళు అనుకున్నట్టు రాయలేను.

మూసిన అల్మారాలు

నేను మ్యూజియంలో చేరిన రోజుల్లో దాన్ని చూసుకునే పెద్దాయన నరసింహంగారు. ఆయన నడుముకు పదిహేడు తాళంచెవుల గుత్తి ఉండేది. నడుస్తుంటే కారిడార్ చివర ఉన్నవాళ్ళకు కూడా ఆయన వస్తున్నట్టు తెలిసేది. పిల్లలు అద్దాల బయటి నుంచే రాళ్ళు చూడాలి. ఎవరైనా చేత్తో పట్టుకుంటామంటే, "చూడ్డానికి కళ్ళున్నాయి కదమ్మా, చేతులెందుకు?" అనేవారు.

ఆయన రాళ్ళను కడగనిచ్చేవారు కాదు. చేరిన కొత్తలో ఒకసారి, మట్టికొట్టుకుపోయి ఉన్న ఒక స్ఫటికాల గుత్తిని చూపించి, "దీన్ని శుభ్రం చేస్తాను సార్" అన్నాను. ఆయన కళ్ళజోడు పైనుంచి చూశారు.

"అది మట్టి అని నీకెవరు చెప్పారు?"

"చూస్తే తెలుస్తోంది కదా సార్."

"అయితే ఇంకోసారి చూడు" అని తాళం వేసేసుకున్నారు.

పని తప్పించుకోవడానికి అలా అన్నారని అనుకున్నాను. ఆ అభిప్రాయం నలభై ఏళ్ళకు పైగా నాతోనే ఉంది.

ఆయన మీద నాకు గౌరవం లేకపోవడానికి ఇంకో కారణం ఉంది, అది న్యాయమైనదే. ఆయన రిటైరైన ఏడాది వానాకాలంలో, ఏళ్ళ తరబడి తెరవని ఒక అల్మారా తెరిచాను. ముక్కుపుటాలు మండేంత ఘాటు వాసన. లోపల పైరైట్ రాళ్ళు, అంటే బంగారంలా మెరిసే ఇనుప రాళ్ళు, తేమకు కుళ్ళిపోయి బూడిదరంగు పొడి అయిపోయాయి. వాటినుంచి ఊరిన ఆమ్లం అట్టపెట్టెలను తినేసి, సొరుగు చెక్కను కూడా సగం తినేసింది. ఇరవై ఆరు రాళ్ళు పోయాయి. ఎవరైనా నెలకొకసారి తలుపు తెరిచి చూసి ఉంటే సగమైనా దక్కేవి. మూసిపెట్టడం అంటే కాపాడటం కాదని ఆ రోజు నాకు అర్థమైంది. తెరవాలి, శుభ్రం చేయాలి, నలుగురి చేతుల్లో పెట్టాలి. ఈ మూడింటినీ ఒకే నిర్ణయంగా తీసుకున్నాను. మొదటిదీ చివరిదీ ఈ రోజుకీ సరైనవే అంటాను. మధ్యలోది ఎక్కడ ఆపాలో నాకు తెలియలేదు.

రెండో శనివారం

మ్యూజియం రాళ్ళు ప్రభుత్వానివి, వాటిని పంచే హక్కు ఎవరికీ లేదు. ఈ ఒక్క విషయంలో నేను గట్టిగా ఉన్నాను, మీరూ ఉండండి. మనం సెలవుల్లో తిరిగి తెచ్చుకున్నవి వేరు. వాటి కోసం మా ఇంటి వరండాలో ప్రతి నెలా రెండో శనివారం కలుసుకోవడం మొదలుపెట్టాం. హబ్సిగూడ పరిశోధనాలయాల్లో పనిచేసినవాళ్ళు, స్కూలు టీచర్లు, ఒక బ్యాంకు ఉద్యోగి, మా విద్యార్థులు. నెలకు ఎనిమిది నుంచి పదిహేను మంది.

మా నాన్నగారు బాపట్ల దగ్గర మిషన్ స్కూల్లో టీచరు. మేం ఆరుగురు పిల్లలం. క్రిస్మస్‌కి ఒక్క కేకు వచ్చేది. కోసినవాళ్ళు చివర తీసుకోవాలని నాన్నగారి నియమం. అందుకని ఎవరు కోసినా ముక్కలు సమానంగానే వచ్చేవి. ఆ నియమాన్నే రాళ్ళకు పెట్టాను. వరండాకు వచ్చిన రాయిని విరుస్తాం. దొరికించుకున్నవాళ్ళు ముందుగా, పెద్ద ముక్క తీసుకుంటారు. విరిచినవాళ్ళు చివర తీసుకుంటారు. విరిచేది నేనే కాబట్టి ముప్పై ఏళ్ళుగా నాకు చివరి ముక్కే వచ్చింది. అది నాకు గర్వంగా ఉండేది. ఇప్పుడు చెప్పుకోవడానికి బాగాలేదు కానీ, చాలా గర్వంగా ఉండేది.

మా వీధిలో కూరగాయల బండి తెచ్చే యాదమ్మ ఒక శనివారం గేటు దగ్గర ఆగి, అంతమంది నేలమీద కూర్చుని రాళ్ళు చేతులు మార్చుకోవడం చూసింది.

"ఏందమ్మా, రేషన్ ఇస్తున్నరా?"

"రాళ్ళు పంచుకుంటున్నాం."

"రాళ్ళకు ఇంతమందా! నా బండి కాడ టమాటకు గింతమంది రారు" అని వెళ్ళిపోయింది. ఆ రోజు నుంచి వీధిలో నా పేరు రాళ్ళమ్మ.

శ్రావణి

శ్రావణిది మాణికేశ్వర్ నగర్. క్యాంపస్‌కీ వాళ్ళింటికీ మధ్య ఒక్క గోడ. వాళ్ళ నాన్న ఇళ్ళ పునాదులకు రాయి కొట్టే పనికి వెళ్తాడు. డిగ్రీ మొదటి ఏడాదిలో ఆమె మా వరండాకు వచ్చినప్పుడు, ఖమ్మం వైపు దొరికే ఎర్రటి గార్నెట్ గింజ ఒకటి చేతిలో పెట్టాను.

"నిజంగ నాకేనా మేడమ్? వాపస్ ఇయ్యాల్నా?"

"ఇవ్వక్కర్లేదు. నీకు దొరికినప్పుడు నువ్వూ తీసుకురా, అంతే."

ఆమె ఆ మాట పట్టుకుంది. ఏడేళ్ళలో నలభై ఒక్క రాళ్ళు తెచ్చింది. అన్నిటినీ విరిచాం, అన్నిటినీ పంచాం. ఎమ్మెస్సీ అయ్యాక మా విభాగంలోనే పీహెచ్‌డీలో చేరింది. నేను అప్పటికి రిటైరయ్యాను. అయినా రెండో శనివారం మానలేదు.

డిసెంబరులో ఆ బుధవారం సాయంత్రం ఆటోలో వచ్చింది. ఒళ్ళో దుప్పటి మూట. ఆటోవాలా మూట దింపడానికి సాయం పట్టి, "గింత బరువేందక్కా, దేవుడా?" అన్నాడు.

"దేవుడు కాదన్నా, పీహెచ్‌డీ."

"గదైతే ఇంకా బరువు" అన్నాడతను. ముగ్గురం నవ్వాం.

దుప్పటి తీసి చూశాను. పదిహేడు అంగుళాల పొడవు, పదకొండు అంగుళాల వెడల్పు ఉన్న పలక. నల్లరాతి వీపు మీద లేత గులాబీ రంగు స్టిల్‌బైట్ ఖనిజం పరుచుకుని ఉంది. దానిమీద ఆకుపచ్చ ఛాయతో గాజు దిమ్మల్లాంటి అపోఫిల్లైట్ స్ఫటికాలు. పెద్దవి బొటనవేలంత ఉన్నాయి. ఒక్కటీ విరగలేదు. కానీ వాటి కొనలన్నిటి మీదా తెల్లటి దుమ్ము, జల్లెడతో పిండి జల్లినట్టు.

"మా మేనమామ బాయి తవ్విస్తుండు మేడమ్, వికారాబాద్ అవతల. నేనే దిగి తీసిన. ఇది లోపల గుహ లెక్కుంటే, పైన వేలాడుకుంట ఉండె, గీ స్ఫటికాలన్ని కిందికి చూస్తుండె…"

"చలిలో వచ్చావు. ముందు టీ తాగు."

టీ పెట్టి తెచ్చేలోగా ఆమె ఫోన్ మోగింది. కరీంనగర్‌లో వాళ్ళక్కకు నొప్పులు మొదలయ్యాయి, వెంటనే బయల్దేరమంటున్నారు. శ్రావణి లేచింది. వాళ్ళ ఇల్లు ఒకటే గది, ముగ్గురు చిన్నపిల్లలు తిరుగుతుంటారు. విభాగంలో ఆమె గదికి సున్నాలు వేస్తున్నారు. పలకను నా దగ్గర పెట్టమంది.

గేటు దగ్గర ఆగి, "మేడమ్, మీరు దీనికి కష్టపడకుండ్రి. గట్లనే ఉండనీండ్రి. రెండు వారాలల్ల నేనొచ్చి చూస్త" అంది.

"నీ కోసం ఆ మాత్రం చెయ్యలేనా?"

"గది కాదు మేడమ్…"

"ముందు వెళ్ళమ్మా, అక్క దగ్గర నువ్వుండాలి."

వెళ్ళింది. ఆ మాటలు ఇక్కడ ఎందుకు రాశానంటే, ఆమె చెప్పలేదని నేను తర్వాత ఒక అరగంటసేపు వాదించాను కాబట్టి. ఆమె చెప్పింది. భోజనానికి వచ్చినవాళ్ళు చెయ్యి కడుక్కుంటూ తమ కంచం కూడా తీయబోతే, అయ్యో వద్దండీ, అలా ఉండనివ్వండి అంటాం కదా, ఆమె 'వద్దు' నాకు అలా వినిపించింది. రాళ్ళు ఎలా కడగాలో నేర్పిన టీచరుతో, కడగొద్దని ఏ విద్యార్థి అయినా అంతకంటే గట్టిగా ఎలా చెబుతుంది? మన దగ్గర చిన్నవాళ్ళు పెద్దవాళ్ళను ఆపే భాష లేదు. మర్యాద భాష ఒక్కటే ఉంది. దాన్ని మర్యాద అనుకుని పక్కన పెట్టడం పెద్దవాళ్ళకు చాలా సులువు.

సబ్బునీళ్ళు

మూడు రోజులు కడిగాను. పసిపిల్లల టూత్‌బ్రష్‌తో కొనలు, మందుల షాపులో కొన్న సిరంజితో సందులు. తెల్లదుమ్ము వదిలి, నీళ్ళు బియ్యం కడిగినట్టు అయ్యాయి. మొక్కలకు మంచిదని ఆ నీళ్ళను మందారం పాదులో పోశాను. పలక వెనకవైపు సుద్దతో గీసిన గీత ఒకటి కరుగుతూ కనిపించింది. బావి పనివాళ్ళ కొలతల గీత అయి ఉంటుందనుకున్నాను.

అది బావి తవ్వకంలో రేగిన దుమ్మని నా లెక్క. నల్లరాతిని తొలిస్తే లేచే దుమ్ము తెల్లగా ఉండదు, బూడిదరంగులో ఉంటుంది. ఈ సంగతి ఎన్నో బ్యాచ్‌లకు పాఠంగా చెప్పాను, పరీక్షలో అడిగాను, తప్పు రాసినవాళ్ళకు మార్కులు కోశాను. పైగా మీదనుంచి పడే దుమ్ము, కిందికి వేలాడే కొనల మీదికి ఎలా చేరుతుంది? ఆ ప్రశ్న కూడా నాకు రాలేదు. నాకు కనిపించిందల్లా ఒక మురికి రాయి, దాన్ని మెరిపించగల నా చేతులు.

నాలుగో రోజు ఎండలో పెట్టాను. ఆకుపచ్చ వెలుగు గోడమీద పడి వణుకుతోంది. అంత అందమైన రాయిని నా జీవితంలో నేను ముట్టుకోలేదు.

తర్వాతి రెండో శనివారానికి తొమ్మిదిమందికి లెక్కవేసి విరిచాను. నా దగ్గర చిన్న ఇనుప మర ఉంది. రెండు పళ్ళ మధ్య రాయిని పెట్టి పిడి తిప్పుతూ పోతే, అనుకున్నచోట టప్పున విరుగుతుంది. స్ఫటికాలు నలగకుండా విరవడానికి ఆరు గంటలు పట్టింది. రాలిన నలుసులను ఊడ్చి పూలకుండీల్లో వేశాను. మధ్యలో ఉన్న పెద్ద ముక్కను శ్రావణికని దూదిలో చుట్టి మిఠాయి డబ్బాలో పెట్టాను.

శనివారం వరండాలో చప్పట్లు కొట్టారు. హబ్సిగూడ సుధాకర్‌గారు, రిటైరైన సైంటిస్టు, తన ముక్కను ఎండకు పట్టి, "ఇది విరిచింది కాదండీ, వెన్న కోసినట్టుంది" అన్నారు.

"మన శ్రావణి ఏది?" అని నల్లకుంట ప్రభావతిగారు అడిగారు. ఆవిడ స్కూల్లో సైన్సు చెప్పి రిటైరయ్యారు.

"అక్క కాన్పుకి వెళ్ళింది. తన వాటా ముందే తీసి పెట్టాను, అందరికంటే పెద్దది."

"పిల్ల ఇక్కడ లేకపోయినా వాటా తీసిపెట్టారంటే! మీలాంటి టీచరు అందరికీ దొరకాలండీ."

కాదనలేదు నేను. నవ్వి ఊరుకున్నాను.

మిఠాయి డబ్బా

శ్రావణి మంగళవారం సాయంత్రం వచ్చింది. అక్కకు ఆడపిల్ల. లడ్డూలు తెచ్చింది. నేను మిఠాయి డబ్బా ఆమె చేతిలో పెట్టాను.

తెరిచింది. దూది తీసింది. ముక్కను తిప్పి వెనక చూసింది, మళ్ళీ ముందుకు తిప్పింది.

"కడిగిండ్రా మేడమ్?"

"మూడు రోజులు. చూడు ఎలా మెరుస్తోందో."

"మస్తు మెరుస్తున్నది మేడమ్. మిగిలింది యాడున్నది?"

"శనివారం పంచేశాం కదమ్మా. అందరూ నీ పేరే తలుచుకున్నారు."

ఆమె కూర్చుంది. టీ పక్కన పెట్టింది. ఫోన్ తీసి, బావిలో తీసిన ఒకే ఒక్క ఫోటో చూపించింది. చీకటి, ఫ్లాష్ వెలుగు, కొంచెం కదిలింది. చాలా నెమ్మదిగా, సెమినార్‌లో చెప్పినట్టు చెప్పింది. ఆ పలక గుహ పైకప్పుకు వేలాడుతోంది. తెల్లదుమ్ము కిందికి చూసే కొనల మీద ఉంది. సీలింగ్‌కి కిందివైపు పిండి పరుచుకుని ఉంటే మనమేమనుకుంటాం? ఆ పిండి పడ్డప్పుడు అది సీలింగ్ కాదు, నేల అయి ఉండాలి. అంటే స్ఫటికాలు పెరిగి, దుమ్ము పడిన తర్వాత, ఆ బండ మొత్తం తలకిందులైంది. ఆ కొండవాలు ఎప్పుడో ఒకసారి జారి, పైది కిందికి, కిందిది పైకి వచ్చింది. అక్కడ నేల జారిందని ఇంతవరకు ఎవరూ చెప్పలేదు. పలక వెనక, పైవైపు ఏదో తెలియడానికి సుద్దతో బాణం గీసింది. వాళ్ళ గైడ్ ఫోన్లో విని, పలక తీసుకురా, ఇదొక అధ్యాయం అవుతుంది, నీ థీసిస్‌కి ఇదే ప్రాణం అన్నారు.

దుమ్ము మందారం పాదులోకి పోయింది. బాణం టబ్బులో కరిగింది. పలక తొమ్మిది ముక్కలై ఏడు ఇళ్ళకు పోయింది.

నాకు ముందు వచ్చింది సిగ్గు కాదు, కోపం. అది కూడా రాయాలి. "అంత ముఖ్యమైనదైతే నాతో చెప్పొద్దా?" అన్నాను. గొంతు పెరిగింది.

"చెప్పిన మేడమ్" అంది. ఆ వెంటనే తల దించుకుని, "సరిగ చెప్పలే. నాదే తప్పు" అంది.

నేను అరగంట మాట్లాడాను. ఆమె అన్నిటికీ "అవును మేడమ్" అంది. వెళ్తూ లడ్డూల పెట్టె లోపల పెట్టి, ఎండుతున్న బట్టలు కూడా తీసి మడతపెట్టి వెళ్ళింది. ఆమె గేటు వేసిన చప్పుడు వినిపించిన తర్వాత నరసింహంగారి మాట గుర్తొచ్చింది. అది మట్టి అని నీకెవరు చెప్పారు?

మర్నాడు పొద్దున శ్రావణి మేనమామకు ఫోన్ చేయించాను. అదే గుహలో ఇంకో పలక ఏదైనా మిగిలి ఉంటుందని ఆశ. బావికి సిమెంటు రింగులు దించేశారు, నీళ్ళు పడ్డాయి, ఊరంతా సంతోషంగా ఉంది అన్నాడు.

ఇంటింటికీ

ఇచ్చినవి వెనక్కి అడగడం నా జీవితంలో అదే మొదటిసారి. నా ముక్క, శ్రావణి ముక్క పోగా ఏడు ఉన్నాయి. మూడు రోజులు తిరిగాను.

సుధాకర్‌గారు ఆనందంగా లోపలికి పిలిచి బల్ల మీదది చూపించారు. అడుగు చదునుగా కోయించి, పైన నునుపు పట్టించి, పేపర్‌వెయిట్ చేయించుకున్నారు. "మీకు నచ్చుతుందనే చేయించాను మేడమ్, నాలుగు రోజుల్లో చేసిచ్చాడు" అన్నారు. ఆయనను ఏమనను? రాయిని మెరిపిస్తే నాకు నచ్చుతుందని ఆయనకు నేర్పింది నేనే.

ప్రభావతిగారి ముక్క చేపల తొట్టిలో ఉంది. ఆవిడ చీర కుచ్చిళ్ళు పైకి దోపుకుని, మోచేతి దాకా నీళ్ళలో పెట్టి తీశారు.

"ఏమైందండీ, నకిలీదా?"

"కాదండీ. అసలుదే."

"మరెందుకు వెనక్కి?"

చెప్పాను. ఆవిడ తడి చెయ్యి తుడుచుకోకుండా నిలబడిపోయారు. "పాపం శ్రావణి" అన్నారు. నన్నేమీ అనలేదు. అనకపోవడంలో ఎంత ఉందో దారిపొడుగునా తెలుస్తూనే ఉంది.

బ్యాంకు ఉద్యోగి తన ముక్కను పుణేలో చుట్టాలకు పంపేశాడు. ఇంకొకరి మనవరాలు స్కూలు ఎగ్జిబిషన్‌కి తీసుకెళ్ళింది, అక్కడ ఎవరో తీసేశారు. మిగతా ముగ్గురూ మారుమాట లేకుండా ఇచ్చేశారు. ఏడింటిలో ఐదు దొరికాయి.

శ్రావణిని పిలిచాను. భోజనాల బల్లమీద తెల్ల దుప్పటి పరిచి, ఏడు ముక్కలను ఒకదానికొకటి ఆనించి పేర్చాం. రెండు చోట్ల ఖాళీ. ముక్కకీ ముక్కకీ మధ్య మర పళ్ళు నలిపేసిన సందులు. పూలకుండీల మట్టిని పిండి జల్లెడతో జల్లించాను, గుప్పెడు నలుసులు దొరికాయి. అవి ఎక్కడివో ఎవరికి తెలుసు?

శ్రావణి లెన్సు కంటికి పెట్టుకుని ఒక్కొక్క ముక్కా చూస్తోంది. నేను ఎదురుగా కూర్చున్నాను. ప్రభావతిగారి ముక్క దగ్గర ఆగింది.

"ఒక్క చోట ఉన్నది మేడమ్."

లేచి వెళ్ళి చూశాను. రెండు స్ఫటికాలు కలిసిన మూల, నా బ్రష్ అందని చోట, చిటికెనవేలి గోరులో సగం లేదు, తెల్లగా ఉంది.

"ఇది చాలదా? దీన్నిబట్టి దిక్కు చెప్పొచ్చు కదా?" అన్నాను. పరీక్ష హాల్లో కూర్చున్న పిల్లలా అడిగానని నాకు తర్వాత తోచింది.

ఆమె లెన్సు మూసింది. "ఒక్క చోటుతోని దిక్కు చెప్పొద్దని మీరే చెప్పిండ్రు మేడమ్. మూడు చోట్ల ఒకే తీరుగుంటెనే నమ్మాలె అని. పైంగ ఇది చేపల తొట్టిల ఉండొచ్చింది. దాని అడుగు మట్టి కావొచ్చు."

నేను చెప్పిన పాఠమే. నాకంటే బాగా నేర్చుకుంది.

మర్నాడు క్యాంపస్‌కి వెళ్ళి వాళ్ళ గైడ్‌తో, ఇది శ్రావణి అజాగ్రత్త కాదు, నేను చేసింది అని చెప్పాను. ఆయన ఒకప్పుడు నా విద్యార్థి. "మీరా మేడమ్?" అని కుర్చీలోంచి లేచారు. మళ్ళీ కూర్చుని, "కదిలిన ఫోటో మీద అధ్యాయం నిలబడదు మేడమ్, నేను ఒప్పుకున్నా బయటివాళ్ళు ఒప్పుకోరు" అన్నారు. అదీ సరైన మాటే.

శ్రావణి ఆ అధ్యాయం వదిలేసింది. దాని బదులు వేరే చోటి రాళ్ళ మీద మళ్ళీ మొదలుపెట్టింది. జూన్‌లో ఫెలోషిప్ అయిపోయింది. పొద్దుటిపూట ఒక జూనియర్ కాలేజీలో పాఠాలు చెప్పి, మధ్యాహ్నం ల్యాబుకి వస్తోంది.

కొత్తగా వచ్చేవాళ్ళకు

రాళ్ళు పంచొద్దని నేను చెప్పను. నరసింహంగారి అల్మారాలో కుళ్ళిన ఇరవై ఆరు రాళ్ళను నేను మరిచిపోలేదు. ఆయన లోభి, ఆయన పద్ధతి తప్పు. కానీ ఆయనకు తెలిసిన ఒక సంగతి నాకు తెలియలేదు. రాయి మీద ఉన్నది మురికో కాదో మనం నిర్ణయించే ముందు, దాన్ని తీసినవాళ్ళను కూర్చోబెట్టి, వాళ్ళు చెప్పేది చివరిదాకా వినాలి. టీ ఆ తర్వాతైనా ఇవ్వొచ్చు.

ఇంకొకటి. మీరు దానగుణం గలవారని నలుగురూ అనడం మొదలుపెట్టిన రోజు నుంచి జాగ్రత్తగా ఉండండి. నేను శ్రావణి వస్తువును పంచి, పంచిన పేరు నేను తీసుకున్నాను. చివరి ముక్క తీసుకునే మనిషికి తప్పు జరగదని ముప్పై ఏళ్ళు నమ్మాను. ఆ తొమ్మిది ముక్కల్లో అతి చిన్నది నాదే. దాన్ని ఇప్పుడు చేత్తో తాకాలంటే నాకు సిగ్గుగా ఉంటుంది.

పోయినవి ఇవి. చెక్కుచెదరని పలక ఒకటి. అందులో తిరిగి రాని ముక్కలు రెండు, అరగదీసి పాడైనది ఒకటి. కొనల మీది తెల్లదుమ్ము మొత్తం, చిటికెనవేలి గోరులో సగం తప్ప. సుద్దతో గీసిన బాణం ఒకటి. థీసిస్‌లో ఒక అధ్యాయం. ఒక అమ్మాయి పొద్దుటిపూటలు, ఇంకా లెక్క తేలలేదు.

శ్రావణి ఇప్పటికీ రెండో శనివారం వస్తుంది. చాపలు పరుస్తుంది, టీ అందిస్తుంది, ఎవరు ఏ రాయి తెచ్చినా లెన్సు పెట్టి చూసి పేరు చెబుతుంది. ఎవరైనా ఆమె వాటా ఇస్తే థ్యాంక్స్ చెప్పి తీసుకుంటుంది. ఆ పలకతో కలిపి ఆమె మా వరండాకు తెచ్చినవి నలభై రెండు. ఆ తర్వాత పదకొండు రెండో శనివారాలు గడిచాయి. తెచ్చినవి ఏమీ లేవు.